నేల మీది మాట, మేడ మీది మాట: ఇంగ్లీషు రాసేటప్పుడు మన చెవికి అందని తేడా

ఫ్రిజ్ కొనడానికి వెళ్తే షాపతను, "కంప్రెసర్‌కి పదేళ్లు వారంటీ ఉందండీ, గ్యారంటీ మాత్రం లేదు" అంటాడు. చెడిపోతే బాగుచేసి ఇచ్చేది వారంటీ అనీ, మార్చి కొత్తది ఇచ్చేది గ్యారంటీ అనీ మన బజార్లో ఒక లెక్క కుదిరింది. పిల్లని హాస్టల్లో వేస్తే లోపల వార్డెన్ ఉంటారు, ఊళ్లో లోకల్ గార్డియన్ ఎవరో రాసివ్వమంటారు. నాలుగు పనులకు నాలుగు మాటలు. పుట్టుక చూస్తే మాత్రం ఇవి రెండే. వారంటీ, గ్యారంటీ ఒకే మాటకు రెండు రూపాలు. వార్డెన్, గార్డియన్ కూడా ఒకే వేరు నుంచి మొలిచినవే.

జరిగింది ఇది. జెర్మానిక్ తెగల మాటలు కొన్నిటిని ఫ్రెంచివాళ్లు తీసుకున్నారు. నార్మండీ వైపు ఫ్రెంచిలో ఆ మాటల మొదట్లోని వ-కారం అలాగే నిలిచింది. పారిస్ వైపు అది గ-కారంగా మారింది. ఇంగ్లండుకు ముందు చేరింది నార్మండీ ఫ్రెంచి, కాబట్టి వార్డెన్, వారంటీ వచ్చాయి. గ-కారం పుచ్చుకున్న చుట్టాలు తరవాత దిగాయి. ఇంగ్లీషు వాటిని గుర్తుపట్టకుండా ఇంకో గదిచ్చి కూర్చోబెట్టింది. ఇంగ్లండును గెలిచిన విలియంను ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ గియోమ్ అనే అంటారు. అదీ ఈ తేడాయే.

ఇంగ్లీషు నిఘంటువు నిండా ఇలాంటి జంటలు, మూడేసి మాటల గుంపులు ఉన్నాయి. అయితే చాలా గుంపుల్లో అందరి హోదా ఒకటి కాదు. ఒక మాట నేల మీద తిరుగుతుంది, ఒకటి మేడ మీద ఉంటుంది. చాలా ఏళ్లుగా పిల్లల అప్లికేషన్లూ, పెద్దల ఉత్తరాలూ దిద్దుతున్నాను. గ్రామర్ తప్పుల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఒక్క తప్పూ లేకుండా రాసిన ఇంగ్లీషు కూడా ఎదుటివాడికి దూరంగా, చల్లగా తగలడం. దానికి కారణం ఈ అంతస్తుల్లో ఉందని నా నమ్మకం. అందుకే ఆ ఇల్లు ఎలా కట్టారో కాస్త నింపాదిగా చూద్దాం.

నేల

క్రీ.శ. 5వ శతాబ్దంలో ఉత్తర సముద్రం దాటి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు బ్రిటన్‌లో దిగారు. వాళ్లు తెచ్చిన మాటలే ఇంగ్లీషుకు పునాది. ఇల్లు, నీళ్లు, తల్లి, తండ్రి, చెయ్యి, కన్ను, తిను, తాగు, నిద్రపో, రా, వెళ్లు అనే అర్థాలకు ఇప్పుడు వాడే ఇంగ్లీషు మాటలన్నీ ఆ మూటలోవే. ఆ, ఈ, లో, మీద, తో, కానీ, అయితే అనే పనులు చేసే చిన్న మాటలు కూడా అవే. ఇంగ్లీషులో అతి ఎక్కువగా వినిపించే వంద మాటలు తీస్తే దాదాపు అన్నీ ఈ నేల మాటలే ఉంటాయి. అదే నిఘంటువు మొత్తం తీస్తే సగానికి పైగా లాటిన్, ఫ్రెంచి సరుకు. ఈ రెండు లెక్కలూ కలిపి గుర్తుపెట్టుకుంటే చాలా సంగతులు విడిపోతాయి. పుస్తకంలో ఎక్కువున్నది ఒకటి, నోట్లో ఎక్కువున్నది ఇంకొకటి.

793లో ఇంగ్లండు ఈశాన్య తీరాన లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో, స్కాండినేవియా ఓడ దొంగలైన వైకింగుల రాక గట్టిగా మొదలైంది. దోచుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది తరవాత పొలాలు దున్నుకుంటూ అక్కడే ఉండిపోయారు. వాళ్ల భాషా, వీళ్ల భాషా అన్నదమ్ముల బిడ్డల్లాంటివి. కనుక మాటలు పక్కింటి చేబదుళ్లలా కలిసిపోయాయి. షర్ట్ పాత ఇంగ్లీషుది, స్కర్ట్ వైకింగులది. రెండిటికీ మూలార్థం పొట్టిగా కత్తిరించిన బట్ట అనే. వాళ్లు, వాళ్లని అనడానికి వాడే దే, దెమ్ కూడా వైకింగుల నుంచి తీసుకున్నవే. ఒక భాష తన సర్వనామాన్నే ఇంకో భాష నుంచి తెచ్చుకోవడం చాలా అరుదు. విండో అంటే వాళ్ల భాషలో గాలి కన్ను. మనం గవాక్షం అంటాం, అంటే ఆవు కన్ను. ఉత్తరాన మంచులో ఉన్నవాడికీ, ఇక్కడ ఎండలో ఉన్నవాడికీ గోడలోని కంత కన్నులాగే కనిపించింది. ఈ పోలిక నాకు ఎప్పుడు తలచుకున్నా ఆనందం.

ఆ కలగలుపు ఎంత తికమక పెట్టిందో చెప్పే ముచ్చట ఒకటుంది. ఇంగ్లండుకు 1476లో అచ్చు యంత్రం తెచ్చిన విలియం కాక్స్‌టన్ 1490లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో దాన్ని చెప్పాడు. థేమ్స్ నది మీద ఓడలో వెళ్తున్న వర్తకులు గాలి లేక ఆగిపోయి, ఒడ్డున దిగి ఒక ఇంటావిడని తిండి అడిగారు. ఒకాయన ప్రత్యేకంగా గుడ్లు కావాలని ఎగ్స్ అన్నాడు. ఆవిడ "నాకు ఫ్రెంచి రాదు" అంది. ఆయనకి ఒళ్లు మండింది, ఎందుకంటే ఆయనకీ ఫ్రెంచి రాదు. పక్కనున్నతను ఎయ్‌రెన్ అని చెబితే అప్పుడు ఆవిడకి అర్థమైంది. ఎయ్‌రెన్ దక్షిణాన నిలిచిన పాత మాట, ఎగ్ ఉత్తరాన పాతుకున్న వైకింగుల మాట. ఇంతకీ ఏది రాయాలి అని కాక్స్‌టన్ వాపోయాడు. ఆనపకాయ అని అచ్చు వెయ్యాలా, సొరకాయ అని వెయ్యాలా అని మన సంపాదకులు తల పట్టుకున్నట్టే. అచ్చు యంత్రానికి ఒక్క మాటే కావాలి, జనానికి రెండున్నాయి.

మేడ ఎక్కిన ఫ్రెంచి

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ ప్రభువు విలియం గెలిచాడు. దొరతనం, భూములు, చర్చి, న్యాయస్థానం ఫ్రెంచి మాట్లాడేవాళ్ల చేతికి వెళ్లాయి. పొలంలోనూ వంటింట్లోనూ ఇంగ్లీషు మిగిలింది.

ఇక్కడ అందరూ చెప్పే కథ ఆవుదీ మాంసానిదీ. మేపేవాడు ఇంగ్లీషువాడు, కాబట్టి బతికున్న జంతువు కౌ, షీప్, పిగ్. తినేవాడు ఫ్రెంచి దొర, కాబట్టి బల్ల మీదికి వచ్చేసరికి బీఫ్, మటన్, పోర్క్. 1819 చివర్లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల ఐవాన్‌హోతో ఈ కథ లోకమంతా పాకింది. కథలో నిజం ఉంది, కానీ అది మరీ నున్నగా చెక్కిన నిజం. ఫ్రెంచిలో ఆ మాటలకు జంతువనీ మాంసమనీ రెండర్థాలూ ఉన్నాయి. ఇంగ్లీషులోనూ చాలాకాలం బతికున్న గొర్రెను మటన్ అన్నారు, బతికున్న ఎద్దును బీఫ్ అన్నారు. కొట్టానికి ఒక మాట, బల్లకు ఒక మాట అనే పంపకం తీరిగ్గా, శతాబ్దాల మీద జరిగింది. యుద్ధం ముగిసిన మర్నాడు ఎవరూ కూర్చుని మాటలు పంచుకోలేదు. మన దగ్గరికి వచ్చాక మటన్ ఇంకో మలుపు తిరిగి మేకమాంసం అయింది.

నాకు ఆవు కథ కంటే రైతు కథ ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. ఫార్మర్ అనే మాట నేల మీద పుట్టలేదు. అది ఫ్రెంచి ఫెర్మ్ నుంచి వచ్చింది, ఇంత అని ఖాయం చేసిన కౌలు అని దాని అర్థం. అంటే ఫార్మర్ మొదట దున్నేవాడు కాడు, ఖాయం సొమ్ము కట్టేవాడు. మన రైతు కూడా అంతే. అరబీ, ఫారసీల మీదుగా వచ్చిన ఆ మాటకు మూలార్థం ఏలికకు లోబడ్డ ప్రజ. పైరు పెంచేవాడికి అక్కడా ఇక్కడా స్థిరపడిన పేరు పన్ను వసూలు చేసేవాడి పుస్తకంలోనిది. మట్టి ముట్టుకున్నవాడి నోటి నుంచి వచ్చిన పేరు కాదది.

న్యాయస్థానం సంగతీ ఇలాగే. లా అనే మాట వైకింగులు ఇచ్చారు కానీ, కోర్టు, జడ్జి, జ్యూరీ, అటార్నీ, వెర్డిక్ట్, ప్రిజన్ అన్నీ ఫ్రెంచి. మనకు వకీలు, ఫిర్యాదు, జిల్లా, తాలూకా, దస్తావేజు ఫారసీ దారిలో వచ్చినట్టు. జనానికి ఫ్రెంచి అర్థం కావడం లేదు, ఇకమీదట వాదనలు ఇంగ్లీషులో జరగాలి అని 1362లో అక్కడ చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో. రికార్డు మాత్రం లాటిన్‌లో ఉండాలన్నారు. కోర్టు కాగితాల నుంచి ఆ రెండు భాషలూ పూర్తిగా తప్పుకోవడానికి 1733 దాకా పట్టింది.

రెండు భాషల మధ్య నిలబడ్డ ఆ కాలం గుర్తులు వీలునామాల్లో, ఛార్జిషీట్లలో ఇప్పటికీ ఉన్నాయి. విల్ అండ్ టెస్టమెంట్‌లో మొదటిది ఇంగ్లీషు, రెండోది లాటిన్. గూడ్స్ అండ్ చాటెల్స్‌లో మొదటిది ఇంగ్లీషు, రెండోది ఫ్రెంచి. బ్రేకింగ్ అండ్ ఎంటరింగ్ కూడా అదే వరస. ఎవరికి ఏ మాట తెలుసో అని రెండూ రాసిపెట్టారన్నది ఒక కారణం. జంటగా పలికితే చెవికి బరువుగా, ముద్ర వేసినట్టు ఉంటుందన్నది ఇంకో కారణం. మన భూమి పత్రాల్లో దాన విక్రయాది సర్వహక్కులతో అని రాస్తారు. ఆ సర్వహక్కులు అనే ఒక్క మాటలో సర్వ సంస్కృతం, హక్కు అరబీ. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చుని ఆ ముక్క రాసే లేఖరికి అది రెండు భాషల పెళ్లి అని గుర్తుకు రాకపోవచ్చు, కానీ దాని గాంభీర్యం ఆయనకి బాగా తెలుసు.

పండితుల అటక

ఫ్రెంచి మేడ మీద ఇంకో అంతస్తు 16వ శతాబ్దంలో లేచింది. పాత గ్రీకు, లాటిన్ గ్రంథాలు చదివిన పండితులు లాటిన్ మాటల్ని నేరుగా, మూటలు మూటలుగా దించుకున్నారు. అలా ఒకే పనికి మూడు మాటలయ్యాయి. ఆస్క్ నేల మీదిది, క్వెశ్చన్ ఫ్రెంచిది, ఇంటరాగేట్ లాటిన్‌ది. కింగ్లీ, రాయల్, రీగల్. ఫైర్, ఫ్లేమ్, కాన్‌ఫ్లగ్రేషన్. మెట్టు ఎక్కిన కొద్దీ మాట పొడుగవుతుంది, చల్లబడుతుంది. అమ్మ పిల్లాణ్ని ఆస్క్ చేస్తుంది. టీచర్ క్వెశ్చన్ వేస్తుంది. ఇంటరాగేట్ చేసేది పోలీసు.

అప్పుడూ గొడవ పడ్డవాళ్లున్నారు. కేంబ్రిడ్జిలో గ్రీకు ప్రొఫెసర్‌గా, యువరాజు ఎడ్వర్డ్‌కు గురువుగా పనిచేసిన జాన్ చీక్, మన భాషను ఇతర భాషల అరువు లేకుండా శుభ్రంగా రాయాలని 1557లో ఒక ఉత్తరంలో పట్టుబట్టాడు. బైబిల్లో మత్తయి సువార్తను అనువదిస్తూ సెంచూరియన్ వద్దని, వందమందికి పెద్ద అనే అర్థంలో హండ్రెడర్ అని రాశాడు. పునరుత్థానానికి గెయిన్‌రైజింగ్ అన్నాడు. ఒక్కటీ నిలవలేదు. శుద్ధంగా ఉండాలని చెప్పడానికి ఆ ఉత్తరంలో ఆయన వాడిన ప్యూర్ అనే మాట ఫ్రెంచిది. అప్పటికే ఇల్లు అంత కలిసిపోయింది.

సరిగ్గా ఆ శతాబ్దంలోనే మన దగ్గర పొన్నెగంటి తెలగన్న తత్సమాలు లేకుండా యయాతి చరిత్రము రాసి, గోల్కొండ రాజ్యంలోని అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెనుగు కావ్యమని దానికి పేరు. ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం లేని ఇద్దరు మనుషులు, రెండు ఖండాల్లో, ఒకే కోరికతో కలం పట్టారు. తెలగన్న దారిలో ఒక వెసులుబాటు ఉంది. అచ్చతెనుగులో తద్భవాలు చెల్లుతాయి. శ్రీ కూడదు కానీ సిరి వాడుకోవచ్చు. నలిగి నలిగి మన నోటికి అమరిన మాటను మనదిగానే లెక్కేశారు. అది చాలా తెలివైన సరిహద్దు. ఇంగ్లీషులోనూ అలా నలిగి నేల మీదికి దిగిన పరాయి మాటలున్నాయి. స్ట్రీట్, వైన్ లాటిన్ నుంచి ఎంత పాతకాలంలో వచ్చాయంటే వాటిని ఎవరూ మేడ మీది మాటలు అనుకోరు.

లాటిన్ మోజు స్పెల్లింగును కూడా వదల్లేదు. మన పిల్లలు డెట్ రాసేటప్పుడు పలకని బి ఎందుకని అడిగితే జవాబు ఇక్కడుంది. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో బి లేదు. దాని తాత లాటిన్ డెబిటుమ్ అని చూపించడానికి పండితులు మధ్యలో ఇరికించారు. రిసీట్‌లో పలకని పి కూడా అలాంటిదే. అదే కుటుంబానికి చెందిన డిసీట్‌కు ఎందుకో ఆ పి దక్కలేదు. ఐలాండ్‌లో ఎస్ అయితే ఉత్త పొరపాటు. అది నేల మాట, లాటిన్‌తో దానికి చుట్టరికమే లేదు. ఐల్ అనే ఇంకో మాటను చూసి కలిపేశారు. నాలుగొందల ఏళ్ల కిందటి ఆ పొరపాటుకు ఇవాళ మన ఊరి బడిపిల్ల డిక్టేషన్‌లో మార్కు పోగొట్టుకుంటోంది.

అటక మీది మాటలతో నేల మాటకు అర్థం చెప్పబోతే ఏమవుతుందో చూడాలంటే శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో నెట్‌వర్క్ చూడాలి. వలలా అల్లింది అంటే సరిపోయేది. ఆయన రెటిక్యులేటెడ్, డెకస్సేటెడ్, ఇంటర్‌స్టిసెస్ అంటూ మూడు లాటిన్ మాటలు పేర్చాడు. మాట తెలిసినవాడికి కూడా అర్థం చదివాక తెలియకుండా పోతుంది. ఆయన మహానుభావుడు, అనేక మాటలకు అద్భుతమైన వివరణలు రాశాడు. ఇక్కడ మాత్రం మేడ దిగలేకపోయాడు.

పన్ను, దంతం, డెంటల్

ఇంగ్లీషులో ఇంకో చిత్రం ఉంది. వస్తువు పేరు నేల మీద ఉంటుంది, దానికి సంబంధించిన విశేషణం మేడ మీద. టూత్‌కు డెంటల్. మూన్‌కు లూనార్. సన్‌కు సోలార్. హ్యాండ్‌కు మాన్యువల్. ఇంగ్లీషు నేర్చుకునే యూరప్ పిల్లవాడికి ఇది వింతగా ఉండొచ్చు, మనకు వింత కాదు. మనకి పన్ను నొప్పెడుతుంది, వెళ్లేది దంత వైద్యుడి దగ్గరికి. కంట్లో నలక పడుతుంది, బోర్డు మీద నేత్రాలయం అని ఉంటుంది. రెండంతస్తుల ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లం మనం. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని మన వ్యాకరణాలు ఆ అంతస్తులకు పేర్లు కూడా పెట్టాయి.

ఒక్క తేడా ఉంది, అది చాలా లోతైనది. టూత్, డెంటల్, దంతం మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన మాటకు ఇవి సాక్ష్యం. ఇంకా వెనక్కి వెళ్తే, మేపేవాడి కౌ, దొర తినే బీఫ్, మన గోవు కూడా ఒకే ఆదిమ మాటకు మనవలు. ఇంగ్లీషులో నేలా మేడా ఏనాడో విడిపోయిన ఒకే కుటుంబం. తెలుగులో అలా కాదు. ఆవు, పన్ను, కన్ను ద్రావిడ మాటలు, గోవు, దంతం, నేత్రం సంస్కృతానివి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసిన వేరే కుటుంబమనీ 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించాడు. ఆ రుజువును ఆయన రాసింది క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి జత చేసిన గమనికలో. మన ఇంట్లో నేలా మేడా వేర్వేరు రక్తాలు, కలిసి కాపురం చేస్తున్నాయి.

మనం మేడ మీది నుంచి దిగాం

తెలుగులో ఈ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. "కాసిని జలం పట్టుకురా" అని ఇంట్లో ఎవరూ అనరు. తద్దినం మంత్రాల్లో జలం, గొంతు ఎండినప్పుడు నీళ్లు. గృహప్రవేశం చేస్తాం, ఇంటికి వెళ్తాం. ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఇందులో తప్పు చెయ్యదు.

మరి ఇంగ్లీషులో ఆ చెవి ఎక్కడికి పోయింది? మనకి ఇంగ్లీషు వంటింట్లోంచి రాలేదు. 1835లో మెకాలే నివేదిక తరవాత అది కచేరీ భాషగా, కాలేజీ భాషగా వచ్చింది. నేల మీద పాకి, నడిచి, తరవాత మెట్లెక్కడం ఇంగ్లీషు పిల్లవాడి వరస. మనం నేరుగా మేడ మీద దిగాం, నేలకు ఎలా వెళ్లాలో చాలామందికి ఎవరూ చూపించలేదు. అందుకని బై ఉండగా పర్చేజ్ అంటాం, బిగిన్ ఉండగా కమెన్స్ అంటాం. ఒక మీటింగును ముందుకు జరపాలంటే కొత్త మాట కావలసి వస్తే, లాటిన్ ముక్కలే తీసుకుని ప్రీపోన్ వాడుకలోకి తెచ్చుకున్నాం. ప్రీపోన్ అంటే నాకు ఇష్టమే, అవసరమైన మాట, పోస్ట్‌పోన్‌కు చక్కగా ఎదురు నిలుస్తుంది. కానీ మన చెయ్యి ఎటు వెళ్లిందో గమనించండి.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది చావు కబురు దగ్గర. తెలుగులో మనిషి పోతే చచ్చిపోయాడు అనడం మోటు, పోయారు అనడం నెమ్మది, మరణించారు అనడం మర్యాద, పరమపదించారు అనడం భక్తి. మెట్టెక్కిన కొద్దీ గౌరవం పెరుగుతుంది. ఆ సంస్కారంతోనే మనం ఇంగ్లీషులో డైడ్ అనలేక, "మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్" అని రాస్తాం. ఎక్స్‌పైర్ లాటిన్ మాట, ఊపిరి బయటికి వదలడం అని అర్థం. ఒకప్పుడు అక్కడా మనుషులకు బాగానే వాడారు. ఇప్పటి వాడుకలో అది ఎక్కువగా లైసెన్సుకు, పాల ప్యాకెట్‌కు, మందు సీసాకు. మనం తలవంచి రాసిన మాట అవతల చదివేవాడికి గడువు తీరినట్టు వినిపిస్తుంది. ఇంగ్లీషులో డైడ్ మోటు కాదు. రాజుకూ అదే, కూలీకీ అదే. మెత్తగా చెప్పాలంటే పాస్డ్ అవే ఉంది. తెలుగులో మేడ గౌరవం ఇస్తుంది, ఇంగ్లీషులో మేడ చాలాసార్లు దూరం పెడుతుంది. మన తప్పు భాష రాకపోవడం వల్ల వచ్చింది కాదు, మన మర్యాదను అక్కడికి మోసుకెళ్లడం వల్ల వచ్చింది. అందుకే ఎర్ర ఇంకుతో కొట్టేసేటప్పుడు నా చెయ్యి ఆడదు.

నేల మీద మనల్ని తడబెట్టే ఇంకొకటి, చిన్న క్రియకు చిన్న తోకలు తగిలించే పద్ధతి. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. ఏ ముక్కకా ముక్క అర్థం తెలిసినా కలిపితే అందదు. కాబట్టి ఒంటి మాటగా ఉండే పోస్ట్‌పోన్, ఎక్స్‌టింగ్విష్, టాలరేట్ మనకి సుఖం. ఈ ఇబ్బంది ఎలాంటిదో తెలియాలంటే తెలుగు నేర్చుకునే పరాయివాడి పక్కన కూర్చోవాలి. చెయ్యి చేసుకోవడం అంటే కొట్టడం, చెయ్యివ్వడం అంటే ఆశపెట్టి ముంచడం, చెయ్యి తడపడం అంటే లంచం, చెయ్యి కాల్చుకోవడం అంటే వంటా కావచ్చు నష్టమూ కావచ్చు. ఇవి వ్యాకరణంతో రావు, మనుషుల మధ్య తిరిగితే వస్తాయి.

దీనికి తోడు బళ్లో ఒక నియమం చెబుతారు, వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని. దాని పుట్టుక 1672లో కవి జాన్ డ్రైడెన్ రాసిన ఒక వ్యాసం దాకా వెళ్తుంది. బెన్ జాన్సన్ అనే పాత నాటకకర్త వాక్యంలో అది తప్పని డ్రైడెన్ ఎత్తిచూపాడు. తరవాత తన పాత రాతల్లోనూ సవరించుకున్నాడు. లాటిన్‌లో ప్రిపోజిషన్ అలా చివర వేలాడదు. ఇంగ్లీషులో మాత్రం పుట్టినప్పటి నుంచీ వేలాడుతోంది, తోకల క్రియలు ఉన్న భాషలో అది సహజం. ఇది నేల మీద నడిచేవాడికి మేడ మీది మెట్ల కొలత ఇవ్వడం. ఈ నియమాన్ని నేను నా విద్యార్థులకు చెప్పను.

బరువంతా లాటిన్‌దే అని కూడా అనుకోకూడదు. మన ఆఫీసు ఉత్తరాల్లో పేరు మోసిన "డూ ద నీడ్‌ఫుల్" చూడండి. మూడూ నేల మాటలే, ఒకప్పుడు ఇంగ్లండులోనూ మామూలుగా రాసినవే. కానీ ఏం చెయ్యాలో చెప్పకుండా తప్పించుకుంటుంది. చెత్త తియ్యాలా, సంతకం పెట్టాలా, డబ్బు పంపాలా? మాట ఏ అంతస్తుదో చూడటంతో పాటు, అందులో మనిషీ పనీ కనిపిస్తున్నాయా అన్నదీ చూడాలి.

రెండు చేతులతో రాయడం

లాటిన్ సంతతి మాట కంటే శాక్సన్ మాట మేలు అని, ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లో ఇచ్చిన సలహా తరతరాలు పాకింది. దాన్ని మొండిగా పాటిస్తే చీక్ పడ్డ గోతిలోనే పడతాం. మేడకు దాని పని ఉంది. ఆవిరి, ఆమ్లం, రక్తప్రసరణ గురించి కచ్చితంగా చెప్పాలంటే లాటిన్ మాట కావాలి. పోలీసు చేసింది ఉత్త అడగడం కాదు ఇంటరాగేషన్ అని పత్రికవాడు రాయాల్సిందే, లేకపోతే నిజం తేలికైపోతుంది.

రెండు అంతస్తులూ ఒకేసారి వాడటం ఎలాగో షేక్‌స్పియర్ మాక్‌బెత్‌లో చూపించాడు. రాజును చంపివచ్చిన మాక్‌బెత్ తన చేతి నెత్తురు చూసుకుంటూ, ఈ చెయ్యే "మల్టిట్యూడినస్ సీస్ ఇన్‌కార్నడీన్" అంటాడు. సముద్రాలన్నిటినీ రక్తవర్ణం చేస్తుందని. రెండు పెద్ద లాటిన్ మాటలు అలల్లా లేస్తాయి. వెంటనే "మేకింగ్ ద గ్రీన్ వన్ రెడ్" అని నేల మీద పడతాయి. పచ్చనిది ఎర్రగా అవుతుందని, చిన్నపిల్ల చెప్పినట్టు. భయమంతా ఆ దిగుడులో ఉంది.

మనకి ఇది పోతన ఎప్పుడో పెట్టిన భోజనం. "సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు" అన్నప్పుడు సిరి తద్భవం, శంఖచక్రయుగం తత్సమం, చేదోయి అచ్చమైన తెలుగు. లక్ష్మి దగ్గర చనువు, ఆయుధాల దగ్గర గాంభీర్యం, చేతుల దగ్గర మళ్లీ మన ఇంటి మాట. అన్నీ తత్సమాలైతే విష్ణువు అంత ఆత్రంగా పరుగెత్తేవాడు కాడు.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఒక పని చెబుతాను. ఇంగ్లీషులో రాసింది పక్కన పెట్టి, అదే సంగతి అమ్మతో తెలుగులో ఎలా చెబుతావో చెప్పు అంటాను. "ఐ విష్ టు ఎంక్వైర్ రిగార్డింగ్ ద కమెన్స్‌మెంట్ ఆఫ్ క్లాసెస్" అని రాసిన అబ్బాయి, "క్లాసులు ఎప్పుడు మొదలవుతాయో కనుక్కుందామని" అన్నాడు. ఇంగ్లీషులో అంత సూటిగా రాయమంటే "వెన్ డూ క్లాసెస్ బిగిన్?" అని రాసి, ఇంత చిన్నగా ఉంటే అమర్యాద కాదా అని అడిగాడు. ముందొక ప్లీజ్, చివర ఒక థాంక్యూ పెట్టమన్నాను. ప్లీజ్ ఫ్రెంచిది, థాంక్ నేలది.

ఇంకో అమ్మాయి విదేశంలో ఉన్న తన పాత టీచరుకు, ఆవిడ భర్త పోయారని తెలిసి ఉత్తరం రాసుకొచ్చింది. పేజీ నిండా కండోలెన్సెస్, బిరీవ్‌మెంట్, డిమైజ్. ఆయన నీకేం చేశారు అని అడిగాను. ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడితే సైకిల్ పట్టుకుని తన పక్కన వీధి చివరిదాకా నడిచొచ్చేవారని చెప్పింది. అదే రాయమన్నాను. అయామ్ సో సారీ, హీ యూస్డ్ టు వాక్ మీ హోమ్ ఇన్ ద డార్క్. యూస్డ్ అనే ఫ్రెంచి ముక్క ఒక్కటి తప్ప అన్నీ నేల మాటలు. సారీ సైతం పుండుకు వాడే సోర్ అనే మాట బిడ్డ, నొప్పిగా ఉంది అని దాని అసలు అర్థం.